దొరగారికి పాత గూడు

"ఇంక పది నిమిషాలే. అందరి జూలు తయారేనా?" అని అడిగారు కరుణాకర్ సార్.

ఆ రోజు ఆరో తరగతిలో బెంచీకొక జూ. చార్టు మీద ఎన్‌క్లోజర్లు, అంటే జంతువులుండే ఆవరణలు, గీయాలి. ఏ జంతువును ఏ జంతువుతో కలిపి ఉంచితే ప్రమాదం లేదో ఆలోచించి, వాటిని ఒకే చోట పెట్టాలి.

రాధిక జూలో మాత్రం ఒక్కో జంతువుకు ఒక్కో గది. దుప్పి కుందేలును తొక్కుతుందేమో. కుందేలు తాబేలు తిండి తినేస్తుందేమో. తాబేలు ఏం చేస్తుందో ఇంకా తేలలేదు గానీ, ఎందుకైనా మంచిదని దానికీ ఒక గోడ కట్టేసింది.

రాధికకు అన్నంతో పాటు అనుమానం కూడా కలిపి పెట్టి పెంచారేమో! పెరుగు వాసన చూడనిదే కలుపుకోదు. ఎవరికైనా రబ్బరు ఇస్తే, తిరిగొచ్చాక అది తనదేనా కాదా అని తిప్పి తిప్పి చూస్తుంది.

"నీ జూల గోడలే ఉన్నయ్ గదా రాధికా!" అన్నారు సార్. క్లాసంతా నవ్వింది. "కొరుకుతదా, పొడుస్తదా అన్నదొక్కటే చూస్తే చాలదు. ఒక జాతిని ఏమీ చెయ్యని రోగం ఇంకో జాతిని చంపొచ్చు. జూలో అది గూడ చూస్తరు. కొత్తగ వచ్చినదాన్ని కొన్నాళ్ళు విడిగ పెడతరు."

సార్ చెప్పినవాటిలో ఆ చివరి మాటొక్కటే రాధిక మనసులో పడింది.

పక్కనే కూర్చున్న లత చార్టు వైపు చూడనే లేదు. మర్నాడే వాళ్ళ కుటుంబం ఊరు విడిచి భీవండి వెళ్ళిపోతోంది. లత నాన్న శేఖర్ సిరిసిల్లలో బట్ట నేసే సాంచెలు నడుపుతాడు. ఆ సాంచెలు ఆగి మూడు నెలలైంది. భీవండిలో పని ఉందని ఎవరో కబురు చేశారు.

ఆ సాయంత్రం శేఖర్, లత మూడు టర్కీ కోళ్ళను తీసుకుని తంగళ్ళపల్లిలోని రాధిక ఇంటికి వచ్చారు. రాధిక నాన్న ఎల్లేశం దుబాయిలో ఉంటాడు. ఇంటి దగ్గర అమ్మ బాలలక్ష్మి బీడీలు చుడుతుంది.

"అక్కా, వీటిని పాలుకు ఉంచుకో," అన్నాడు శేఖర్. పాలుకు ఇవ్వడమంటే, పుట్టే పిల్లల్లో సగం పెంచినవాళ్ళకు, సగం అసలువాళ్ళకు. "పిల్లలు మంచిగ ఎదిగితే సాంచెల జోలికే పోను. ఇవే పెంచుకుంట ఈడనే ఉంట."

"అప్పుడు నేను మళ్ల మన బడికే అస్త!" అంది లత.

పెద్ద మగ పక్షి పేరు దొర. ఈకలు విప్పి, ఛాతీ ముందుకు పెట్టి, ఈ వాకిలంతా నాదే అన్నట్టు తిరుగుతాడు. మిగతా రెండూ దొరసాని, చిన్న దొరసాని. లత చిన్నదాన్ని చివరిదాకా చంకలోంచి దించలేదు.

వాళ్ళు వెళ్ళాక, "వీటిని గూడ మన కోళ్ళల్లనే తోలు బిడ్డా," అంది అమ్మ.

"ఏంది? ఎక్కడియో కొత్తయి తెచ్చి మన కోళ్ళల్ల కలుపుతవా? విడిగ పెట్టాలె. సారే చెప్పిండు!" అంది రాధిక.

ఇంటి వెనక రెండు గూళ్ళున్నాయి. ఒకటి మొన్ననే కట్టించింది. రెండోది పాతది. నాలుగేళ్ళుగా కోళ్ళు అందులోనే ఉంటున్నాయి. మట్టి నేల మీద ఎండిన రెట్టలు పేరుకున్నాయి. రాధిక తన కోళ్ళను కొత్త గూట్లోకి మార్చి, దొరగారికి పాత గూడు ఇచ్చింది. ఊడ్వను కూడా లేదు. పరాయి పక్షులకు ఇంతకంటే ఏం కావాలి అనుకుంది. తలుపుకు తాడు కట్టి, ముడి మీద ఇంకో ముడి వేసింది.

ఇక ఆ రోజు నుంచీ రాధికకు చేతినిండా పనే. ఒక గుడ్డు తక్కువైతే దొర మీద అనుమానం. పాపం, దొర రెండు ముళ్ళ వెనక ఉన్నాడు, అయినా సరే. ఎర్రకోడి కుంటితే దొరసాని మీద అనుమానం.

ఆదివారం లత ఫోన్ చేసింది. "చిన్న దొరసాని మంచిగ తింటుందా?"

"తినక ఏం జేస్తది? పొద్దుమాపు మా కోళ్ళ దిక్కే సూస్తది."

"అది ఎవల్నీ ఏమనదే."

"ఏమో! ఎవల కడుపుల ఏమున్నదో ఎవలికెరుక?" అంది రాధిక.

మూడు వారాలు గడిచాయి. ఒకరోజు చిన్న దొరసాని రెక్కలు వేలాడేసి మూలన కూర్చుంది. రెట్ట పసుపు పచ్చగా పడింది. మర్నాటికి దొర కూడా ఈకలు విప్పడం మానేసి, కళ్ళు మూసుకుని నిలబడ్డాడు. రాధిక కోళ్ళు మాత్రం హుషారుగా తిరుగుతున్నాయి.

"నేనన్ననా, లేదా?" అంటూ అమ్మ ఫోన్ తీసుకుంది రాధిక. లత పలకగానే, "మీ పక్షులు రోగం పట్టుకచ్చినయ్. మా కోళ్ళు సస్తే ఎట్లనే?" అంది.

"వాటికి రోగమున్నట్టు మాకు తెల్వదే... నిజంగ తెల్వదు," అని లత ఏడ్చేసింది.

రాధిక ఫోన్ పెట్టేసింది. తన అనుమానమే నిజమైనందుకు సంతోషం వేయాలి. ఎందుకో వేయలేదు.

తెల్లారేసరికి చిన్న దొరసాని చచ్చిపోయి ఉంది. అమ్మ భీవండికి ఫోన్ చేసి ఆ సంగతి చెప్పింది. బీడీల చేట పక్కన పెట్టి, దొరను గంపలోకి ఎత్తింది.

"నమ్మి ఇచ్చిపోయిండ్రు బిడ్డా. నడువు, సిరిసిల్ల పశువుల దవాఖానకు పోదాం."

ఆటోలో రాధిక ముక్కుకు టవల్ కట్టుకుని, గంపకు దూరంగా జరిగి కూర్చుంది.

డాక్టరు దొరను పరీక్షించి, "వీటిని ఏడ ఉంచిండ్రు?" అని అడిగారు.

"విడిగనే ఉంచిన సార్, మా కోళ్ళకు అంటకుంట. వేరే గూట్ల పెట్టిన," అంది రాధిక గొప్పగా.

"ఆ గూట్ల ముందు ఏముండె?"

"మా కోళ్ళే. నాలుగేండ్ల సంది అండ్లనే ఉండె."

డాక్టరు తల ఊపారు. "గదే మరి. కోళ్ళ కడుపుల సన్నటి పురుగులు ఉంటయ్ బిడ్డా. వాటి గుడ్లు రెట్టల పడి, మట్టిల ఏండ్లకేండ్లు ఉంటయ్. ఆ గుడ్లతోనే ఈ రోగం అంటుతది. కోళ్ళకు పెద్దగ ఏం గాదు, మంచిగనే తిరుగుతయ్. టర్కీలు ఆ మట్టి పొడిస్తే బతుకుడు కష్టం. అందుకే ఈ రెంటినీ ఒక్కదగ్గర పెంచద్దు."

"అంటే... రోగం వీటిది కాదా సార్?"

"మీ కోళ్ళది."

రాధిక ముక్కుకున్న టవల్ తీసేసింది. సిగ్గేసింది, ఏడుపూ వచ్చింది. మూడు వారాలు కళ్ళల్లో వత్తులు వేసుకుని కాపలా కాసింది. తన కోళ్ళ వైపు మాత్రం ఒక్కసారీ అనుమానంగా చూడలేదు.

"నీళ్ళల్ల ఈ మందు కలిపి పొయ్యుండ్రి. కోళ్ళు తిరిగిన మట్టి మీద దించద్దు. బతుకుతదో లేదో ఇప్పుడే చెప్పలేం," అన్నారు డాక్టరు.

తిరిగి వచ్చేటప్పుడు గంప రాధిక ఒళ్ళో ఉంది.

ఇంటికి రాగానే లోపలి గదిలో బీడీ ఆకుల మూటలు పక్కకు జరిపింది. సిమెంటు గచ్చు కడిగి, దొరనూ దొరసానినీ అక్కడ వదిలింది.

"కొత్త గూట్లె పెట్టరాదు?" అంది అమ్మ.

"అండ్ల గూడ మన కోళ్ళు తిరిగినయ్ గదనే," అంది రాధిక. గదిలోకి వెళ్ళే ముందు ప్రతిసారీ కాళ్ళు కడుక్కుంది.

నాలుగో రోజు దొర మొక్కజొన్న గింజలు పొడిచాడు.

ఆ ఆదివారం మళ్ళీ ఫోన్ మోగింది.

"రాధికా, మీ కోళ్ళు ఎన్ని సచ్చినయే?" అని భయం భయంగా అడిగింది లత. "మా బాపు సగం పాలు వద్దన్నడు. పిల్లలయితే అన్నీ మీరే ఉంచుకోండ్రి. తప్పు మాదే గదా. ఇగ మేం ఈడనే ఉంటమట."

డాక్టరు చెప్పిన మాట భీవండిలో ఎవరికీ తెలియదు. రాధిక నోరు మూసుకుంటే, ఎప్పటికీ తెలియదు.

"ఒక్క కోడి గూడ సావలే లతా," అంది. "రోగం మీ పక్షులది కాదు. మా కోళ్ళది. పాత గూట్లె పెట్టింది నేనే. ఊడ్వ గూడ లేదు. చిన్న దొరసాని నా వల్లనే సచ్చింది."

లత తిడుతుందేమో అనిపించింది. తిట్టనీ అనుకుని, రాధిక ఫోన్‌ను చెవికి ఇంకా గట్టిగా ఆనించుకుంది.

"దొర ఏడున్నడు?" అని అడిగింది లత.

"మా ఇంట్ల. లోపటి అర్రల."

"మరి మీ కోళ్ళు?"

"బయట."

లత ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినిపించింది. "బాపుకు చెప్త. దసరాకు ఊరికి తిరిగి అద్దామంటడో, ఏమంటడో. నువ్వు మాత్రం రోజు ఫోన్ చెయ్యి. ఎట్లున్నడో నిజం చెప్పు."

"చెప్త," అంది రాధిక. గది తలుపు కొంచెం తెరిచి, లోపలికి జాగ్రత్తగా చూసింది. "ఇయ్యాల్ల పది గింజలే తిన్నడు. మందు నీళ్ళు సగం ఒలకబోసిండు. ఇంకా మంచిగ కాలేడే."