మూడుంబావు చీటీ

శుక్రవారం ఉదయం ఎనిమిదిన్నరకి, విన్నిపెగ్‌లో సూర్యుడు ఇంకా లేవనా వద్దా అని ఆలోచిస్తున్న వేళ, సార్జెంట్ రోడ్డులో బేకరీ పైనున్న డిటెక్టివ్ ఆఫీసు తలుపును ఎవరో తట్టారు. తెరుస్తారన్న నమ్మకం ఆ తట్టిన మనిషికే ఉన్నట్టు లేదు. ఒక్కసారి తట్టి మెట్లు దిగిపోతుంటే డెనిస్ వెనకాలే వెళ్ళి పట్టుకొచ్చాడు.

ఈ డెనిస్ ఇరవై రెండేళ్ళు సిటీ బస్సు నడిపాడు. నడుం పట్టేస్తే మానేసి లియొనోరా అగ్బయానీ దగ్గర అసిస్టెంటుగా చేరాడు. లియొనోరా పందొమ్మిదో ఏట ఫిలిప్పీన్స్ నుంచి ఇక్కడి కోట్ల ఫ్యాక్టరీలో కుట్టుపనికి వచ్చింది. ఇప్పుడు అరవై దాటాయి. "కుట్టు ఎక్కడ తప్పిందో చూడ్డమేగా ఈ పనీనూ" అంటుంది తన డిటెక్టివ్ వృత్తి గురించి. డెనిస్‌కి మాత్రం ఆవిడంటే దేవుడంత గురి.

వచ్చినవాడు సన్నగా, పొడుగ్గా ఉన్నాడు.

"నా పేరు త్సెగాయె. మాది ఇథియోపియా. వచ్చి పందొమ్మిది రోజులు. నేను దొంగని కాదమ్మా."

"అన్నదెవరు?"

"కొత్త గడప వాళ్ళు."

కొత్త గడప అంటే నదికి ఆవల, వలస వచ్చినవాళ్ళకి దరఖాస్తులు నింపిపెట్టి, పని చూపించి, కాళ్ళ మీద నిలబడేదాకా చూసే కేంద్రం. అక్కడ నిన్న ఒక కవరు పోయింది. పల్వషా అనే అఫ్గాన్ ఆవిడది. కాబూల్‌లో మిడ్‌వైఫ్‌గా చేసింది. కవర్లో ఆవిడ చదువు తాలూకు అసలు డిప్లొమా ఉంది. ఈరోజు రెండింటికి లైసెన్సు అధికారుల ముందు అది చూపించాలి. ఆడవాళ్ళ చదువే ఆపేసిన చోటినుంచి రెండో కాపీ ఎవరు పంపిస్తారు?

"నేనే తీశానంటున్నారు. సోమవారం నుంచి వెల్డింగు షాపులో నాకు పని. అది ఆపేశారు. సాయంత్రం పోలీసులకి చెప్తారట. నా పేరు మీద మచ్చ పడితే నా భార్యకి, కూతురికి కాగితాలు రావు. అక్కడే ఉండిపోతారు."

"నిన్న మీరు అక్కడికి వెళ్ళారా?"

"వెళ్ళాను. మూడుంబావుకి. చీటీ మీద నేనే రాశాను."

"ఎలా వెళ్ళారు?"

"బస్సులో. వంతెన మీద సూర్యుడు సరిగ్గా కళ్ళల్లో కొడుతున్నాడు. ఏమీ కనబళ్ళేదు. కంప్యూటర్ గదిలో దరఖాస్తు రాసుకుని, ఇంటికొచ్చి, ఆరింటికి అన్నం తిన్నాను."

లియొనోరా బేకరీ నుంచి తెప్పించిన వేడి సియోపావ్ బన్ను ఒకటి అతని చేతిలో పెట్టింది. అతను అందుకుంటుంటే చొక్కా చెయ్యి పైకి జరిగింది. డెనిస్ చూసి, ఆవిడ చెవిలో గొణిగాడు. "పాపం, వాచీ కూడా ఆగిపోయింది మేడమ్. రెండున్నర చూపిస్తోంది."

"మరీ దగ్గరగా చూడు నాయనా, సెకన్ల ముల్లు తిరుగుతోంది" అని ఆవిడ కోటు తొడుక్కుంది. "కారు తియ్యి."

కొత్త గడప డైరెక్టరు కొలీన్ మంచి మనిషే. మంచివాళ్ళకి కోపం వస్తే ఎలా ఉంటుందో అలా ఉంది. "కవరు నిన్న ఒంటిగంటకి నా చేతుల్లో ఉంది. నకళ్ళు తీసి బీరువాలో పెట్టాను. తాళం వెయ్యం, ఎవరినీ అనుమానించడం మా పద్ధతి కాదు. నాలుగింటికి చూస్తే లేదు. రెండు నుంచి నాలుగు దాకా నేను మీటింగులో ఉన్నాను."

"వచ్చినవాళ్ళ లెక్క ఎలా తెలుస్తుంది?"

"వచ్చినవాళ్ళు చీటీ మీద పేరు, టైము రాసి ఈ పెట్టెలో వెయ్యాలి. తేదీ ముద్ర మేం ముందే కొట్టి ఉంచుతాం. పొద్దున్నపూట బల్ల దగ్గర ఎవరూ ఉండరు. గోర్దానా పన్నెండింటికి వస్తుంది. నాలుగింటికి పెట్టె తెరిస్తే, రెండు దాటాక వచ్చినట్టున్న చీటీ ఈయనదొక్కటే."

లియొనోరా చీటీ చూసింది. గుండ్రటి అక్షరాలతో పేరు, పక్కన 3:15.

ఈ విషయం తేలేదాకా అక్కణ్ణుంచి కదలనని గోర్దానా ఆవేళ తెల్లారేసరికే వచ్చి కూర్చుంది. సెర్బియా నుంచి వచ్చి పదకొండేళ్ళయింది. జుట్టు బిగించి ముడేసుకుంది. ఉన్ని స్వెటరుకి ఎడమవైపు ఒక చిన్న గడియారాన్ని తలకిందులుగా పిన్నుతో గుచ్చుకుంది. డెనిస్‌కి అది వింత నగలా తోచింది.

"నేను నా కళ్ళతో చూశాను" అంది. "బీరువా గదిలోంచి వచ్చాడు. కోటు కింద ఏదో నొక్కిపట్టుకున్నాడు."

"ఎన్నింటికి?"

"మూడుంబావు. గోడ గడియారం చూశాను కూడా."

"అంత కచ్చితంగానా!"

"టైము విషయంలో నేను పొరపాటు పడనమ్మా. అలవాటు."

"పల్వషా వచ్చి ఎన్నాళ్ళయింది?"

"పద్నాలుగు నెలలు." ఆ మాట పళ్ళ మధ్య నుంచి వచ్చింది. "పద్నాలుగే."

బయటికొచ్చాక డెనిస్ నిట్టూర్చాడు. "ఇంకేం మిగిలింది మేడమ్? చీటీ చెప్పింది, ఆవిడ చెప్పింది, ఆఖరికి ఆయన నోటితో ఆయనే చెప్పాడు."

"ముగ్గురూ ఒకే అంకె చెప్పారు. ముగ్గురూ ఒకే వేళ చెప్పారో లేదో అది చూడాలి. సరే, సార్జెంట్ రోడ్డు వైపు నుంచి ఇక్కడికి బస్సు ఎటు తిరిగి వంతెన ఎక్కుతుంది?"

"తూర్పుకి. ఎన్ని వేలసార్లు నడిపాను! పొద్దున్నయితే ఎండ కళ్ళు పొడిచేస్తుంది. మధ్యాహ్నం…" డెనిస్ నోరు తెరుచుకుని అలాగే ఉండిపోయాడు.

"తలుపు దగ్గర చలిగాలి వస్తోంది, నోరు మూసుకో" అంది లియొనోరా.

పదకొండింటికి అందరూ కొలీన్ గదిలో కూర్చున్నారు. పల్వషా మంచి బట్టలు కట్టుకుని వచ్చింది, చేతులు ఖాళీగా ఉన్నాయి. త్సెగాయె తలుపు పక్కన నిలబడ్డాడు, కూర్చోమన్నా కూర్చోలేదు.

"బాబూ, ఇప్పుడు టైమెంత?" అని అడిగింది లియొనోరా.

అతను మణికట్టు చూసుకున్నాడు. "ఐదు."

కొలీన్ గోడ గడియారం వైపు చూసింది. సరిగ్గా పదకొండు.

"ఆయన వాచీ పాడవలేదు" అంది లియొనోరా. "నా పక్క మిషను మీద పన్నెండేళ్ళు ఇథియోపియా ఆవిడ కుట్టేది, ఆవిడ దగ్గర నేర్చుకున్నాను. వాళ్ళ ఊళ్ళో పగటి లెక్క పొద్దుపొడుపుతో మొదలవుతుంది. మనకి ఏడంటే వాళ్ళకి ఒంటిగంట. మన పన్నెండు వాళ్ళకి ఆరు. అందుకే ఆరింటికి అన్నం తిన్నానన్నాడు, అది మధ్యాహ్నం భోజనం. సూర్యుడు కళ్ళల్లో కొట్టాడన్నాడు. తూర్పుకి పోయే బస్సులో అది పొద్దున్న మాటే. ఆయన మూడుంబావంటే మన తొమ్మిదింబావు. బల్ల దగ్గర ఎవరూ లేని వేళ. ఆ తర్వాత ఒంటిగంటకి కూడా కవరు కొలీన్ చేతుల్లోనే ఉంది."

త్సెగాయె తల పట్టుకున్నాడు. "మూడుంబావుకి వచ్చావా అని అడిగారు. అవునన్నాను. భయంలో ఇంకేం తోచలేదమ్మా."

"మీ తప్పేం లేదు. అడిగినవాళ్ళకీ తోచలేదు." లియొనోరా మెల్లగా గోర్దానా వైపు తిరిగింది. "మధ్యాహ్నం మూడుంబావుకి ఈయన ఇక్కడ లేడు. లేని మనిషిని కోటుతో సహా చూశారు మీరు. ఆ టైము మీకు గోడ మీద దొరకలేదు, చీటీ మీద దొరికింది."

గోర్దానా చెయ్యి దానంతటదే స్వెటరు మీది గడియారాన్ని పట్టుకుంది.

"అది నర్సులు పెట్టుకునే గడియారం. చేతులకి ఏదీ ఉండకూడదని. మీరు మిడ్‌వైఫ్, కాదూ?"

"పద్దెనిమిదేళ్ళు" అంది గోర్దానా. ఒక్కసారిగా కట్ట తెగింది. "పద్దెనిమిదేళ్ళు పురుళ్ళు పోశాను! ఇక్కడ నా కాగితాలు మూడుసార్లు తిప్పి పంపారు. పదకొండేళ్ళుగా చీటీల మీద ముద్రలు కొడుతున్నాను. ఈవిడకి పద్నాలుగు నెలల్లో… ఈ ఒక్కరోజు దాటిపోతే చాలనుకున్నాను. చింపేదాన్ని కాదు. చింపలేను."

"తెలుసు. ఎక్కడ పెట్టారో కూడా అనుకున్నాను. అలాంటి కాగితం విలువ తెలిసినవాళ్ళు తమ కాగితాల మధ్యే దాస్తారు."

గోర్దానా లేచి, పాత ఫైళ్ళ అరలోంచి తన పేరున్న ఫైలు తీసింది. అందులో మూడు తిరస్కరణ ఉత్తరాల కింద పల్వషా కవరు ఉంది. మడత కూడా పడలేదు.

పల్వషా దాన్ని గుండెకి అదుముకుని ఏడ్చింది. కళ్ళు తుడుచుకుని గోర్దానాని కోపంగా చూసింది. "నువ్వు నాకు చేసింది మర్చిపోను. అసలు నన్నొక మాట అడిగావా? నా కాగితాలు దాటించిన లాయరమ్మ పేరు చెప్పేదాన్ని కదా!" తర్వాత ఇంకా కోపంగానే, "ఎన్ని కాన్పులు చేశావు?" అంది.

"రెండు వేల పైన."

పల్వషా బల్ల మీది చీటీ లాక్కుని ఒక పేరు, ఫోను నంబరు రాసి, అక్కడే వదిలేసి వెళ్ళిపోయింది.

"ఇంక నా సంగతి" అన్నాడు త్సెగాయె. "నాకు శిక్షలేం వద్దు. దొంగ అని నలుగురిలో అన్నారు. కాదని నలుగురిలో చెప్పండి. నా పేరు పెట్టి."

గోర్దానా లేచి నిలబడింది. ఆ పేరు సరిగ్గా పలకడానికి రెండుసార్లు తడబడింది. మూడోసారికి వచ్చింది. "త్సెగాయె దొంగ కాదు. దొంగని నేను."

కొలీన్ పోలీసులకి ఫోన్ చెయ్యలేదు, గోర్దానాని ఉద్యోగంలో ఉంచనూ లేదు. అది న్యాయమో కాదో డెనిస్ దారి పొడుగునా ఆలోచించాడు, తేల్చుకోలేకపోయాడు. వెల్డింగు షాపుకి మాత్రం కొలీన్ అందరి ముందే ఫోన్ చేసి, తప్పు తమదేనని గట్టిగా చెప్పింది. తర్వాత త్సెగాయె వైపు తిరిగి, "సోమవారం ఏడింటికి రమ్మన్నారు" అంది.

గుమ్మం దగ్గర డెనిస్ అతని భుజం మీద చెయ్యి వేశాడు. "ఏ ఏడుకి గురూ?"

పందొమ్మిది రోజుల్లో మొదటిసారి త్సెగాయె నవ్వాడు. "మీ ఏడుకి. నా పెళ్ళాం అడిగితే మాత్రం ఒంటిగంటకి అని చెప్తాను."