గోరువెచ్చని ఊట

పళ్ళ డాక్టరమ్మకి అసహ్యం అంటే ఏమిటో తెలియదని ఇంట్లో అందరూ ఆటపట్టించేవారు. ఇరవై ఏళ్ళుగా పరాయివాళ్ళ నోళ్ళలో వేళ్ళు పెట్టి, చీము పిండి, చేతులు కడుక్కుని హాయిగా భోంచేసే మనిషి మరి. ఆవిణ్ణి అడవికి లాక్కెళ్ళినవాడు తమ్ముడు.

వాడు తాగుడు మానేసి నలభై రోజులైంది. చేతులు ఖాళీగా ఉంటే మనసు సీసా మీదకి పోతోందని, అడవిలో బతకడం నేర్పే తరగతుల్లో చేరాడు. నిప్పు రాజెయ్యడం, ఆకులతో గూడు కట్టుకోవడం, నీళ్ళు వడకట్టడం. ఇప్పుడు అవన్నీ సొంతంగా చేసి చూసుకోవాలట.

"ఆయన్ని ఒంటరిగా పంపలేను వదినా. మీరూ వెళ్ళండి. మనిషిని మనిషిలా తీసుకురండి," అని మరదలు చేతులు పట్టుకుంది. డాక్టరమ్మ మాటిచ్చింది.

పగలంతా బాగానే గడిచింది. గూడు తయారైంది. తమ్ముడు పక్కనున్న సన్నటి పాయలో నీళ్ళు పట్టి, గుడ్డలో ఇసుకా బొగ్గూ పేర్చి వడకట్టాడు. ఇక కాచడమే తరువాయి. పుల్లతో పుల్ల రాపాడించి అరచేతులు బొబ్బలెక్కాయి గానీ పొగైనా రాలేదు. అగ్గిపెట్టె ఇస్తానంటే అయ్యగారికి పౌరుషం.

"అది ముట్టుకుంటే ఇంత దూరం వచ్చి ఏం లాభం అక్కా?"

"నీ ఇష్టం. పచ్చినీళ్ళు మాత్రం తాగావంటే చూడు."

ఆవిడ చితుకులు ఏరుకొచ్చేసరికి గిన్నె సగం ఖాళీ. వాడు మూతి తుడుచుకుంటున్నాడు.

"ఎంత బాగున్నాయో! గోరువెచ్చగా, కొంచెం తియ్యగా..."

పొద్దుగూకుతోంది. ఆవిడ గిన్నె వాసన చూసింది. ఆవిడకి రోజూ తగిలే వాసనే. కుళ్ళిన చిగుళ్ళ వాసన. గిన్నె వంచితే నీళ్ళు చుక్కలుగా రాలలేదు. తీగలా సాగాయి. ఇరవై ఏళ్ళలో మొదటిసారి ఆవిడకి అసహ్యం వేసింది.

తాగేముందు నీళ్ళు ఎక్కడ పుట్టాయో వెళ్ళి చూడాలన్నది తరగతిలో మొదటి పాఠం. ఇద్దరూ ఆ పని చెయ్యలేదు. వాణ్ణి గూడు దగ్గరే ఉండమని, ఆవిడ టార్చి పట్టుకుని పాయ వెంట పైకి నడిచింది. పోనుపోను గాలి ఆగిపోయింది. కాళ్ళ కింద నాచు మెత్తగా, వెచ్చగా తగులుతోంది. చివరికి ఒక పెద్ద బండ వచ్చింది. బండకి అడ్డంగా చీలిక. చీలిక అంచులు ఎర్రగా వాచి ఉన్నాయి. లోపల తెల్లటి రాళ్ళు... వరసగా. రెండు మూడు పుచ్చిపోయి ఉన్నాయి. వాటి మధ్యనుంచి నీరు ఊరుతోంది.

అలవాటుకొద్దీ వేలు పెట్టి నొక్కింది.

మెత్తగా దిగింది. చిక్కటి చీము గోటి చుట్టూ పొంగింది. చీలిక... నొప్పికి ముడుచుకుంది.

ఆవిడ వంగి వాంతి చేసుకుంది. తల ఎత్తేసరికి పక్కనే తమ్ముడు. మోకాళ్ళ మీద. చీలికకి నోరు ఆనించి గుటకలు వేస్తున్నాడు.

"ఒరేయ్!"

"ఒక్క గుక్కక్కా..." గుసగుసగా అన్నాడు. "ఇదే ఆఖరు."

తాగుడు రోజుల్లోని గొంతు అది. జుట్టు పట్టి లాగింది. వాడి పెదాల నుంచి బండ దాకా జిగురుతీగ సాగింది. నాలుగడుగులు లాగింది. తెగలేదు. పది అడుగులు. తెగలేదు. కత్తి తీసి కోసింది. తెగిన రెండు కొసలూ వెనక్కి పాకాయి. ఒకటి బండలోకి. ఇంకోటి వాడి నోట్లోకి.

ఊరికి వచ్చాక వాణ్ణి రెండుసార్లు కుర్చీలో కూర్చోబెట్టి నోరంతా వెతికింది. ఏమీ లేదు. వాడు సీసా ఊసు కూడా ఎత్తడం లేదు. మాట నిలబెట్టుకున్నానని ఊపిరి పీల్చుకుంది.

మూడు వారాల తర్వాత, ఎండన పడి వాళ్ళింటికి వెళ్ళింది. మరదలి ముఖం వెలిగిపోతోంది. రాగానే గ్లాసుడు నీళ్ళిచ్చింది. డాక్టరమ్మ సగం గటగటా తాగేసి, ఆగింది.

గోరువెచ్చగా ఉన్నాయి.

"ఈ నీళ్ళు... ఎక్కడివి?"

"క్యాన్లు కొనడం మానేశాం వదినా. తెల్లారకుండానే మీ తమ్ముడే బిందె నింపేస్తున్నారు."

"ఎక్కణ్ణుంచి తెస్తున్నాడు?"

"అదే నాకూ అర్థం కాదు. వంటింట్లోకి వెళ్ళి తలుపేసుకుంటారు. గడప దాటి బయటికే వెళ్ళరు." మరదలు నవ్వింది. "పిల్లలైతే ఇంకో నీళ్ళు ముట్టుకోవడం లేదు."

పిల్లలిద్దరూ ఖాళీ గ్లాసులు పట్టుకుని వంటింటి తలుపు ముందు నిలబడి ఉన్నారు. తలుపు వేసి ఉంది.

డాక్టరమ్మకి ఆ రాత్రి వాడి నోట్లోకి పాకిన కొస గుర్తొచ్చింది. గ్లాసు విసిరికొట్టాలనుకుంది. చెయ్యి మాత్రం దాన్ని మళ్ళీ పెదాల దగ్గరికి తెచ్చింది.

ఒక్క గుక్క, అనుకుంది.