పట్నం పదకొండు కిలోమీటర్లు

ఆ కాలవగట్టు రోడ్డు మీద పొద్దుగూకాక బండి నడిపేవాళ్ళు తక్కువ. నడిపినా కిలోమీటరు రాళ్ళ వైపు చూడరు. ఎందుకంటే, అక్కడ పట్నం ఇంకా పదకొండు అని రాసున్న రాయి దాటాక... మళ్ళీ పదకొండే వస్తుందట. మూడోసారి కూడా అదే కనిపించిందంటే మారు మాట్లాడకుండా బండి వెనక్కి తిప్పాల్సిందే. తిప్పని ఒక లారీ మనిషిని తెల్లారాక చూశారు. ఇంజను నడుస్తూనే ఉంది, స్టీరింగు పట్టుకునే కూర్చున్నాడు — పేరడిగితే మాత్రం "పదకొండు" అన్నాడట.

ఇది రొట్టెల వ్యాను నడిపే ఒకతను చెప్పగా విన్న సంగతి. దెయ్యాలంటే అతనికి మహా భయం. ఆ భయాన్ని దాచుకునే రకం కూడా కాదు.

ఒక రోజు సాయంత్రం అతని భార్యకు నొప్పులొచ్చాయి. ఊళ్ళోని నర్సు చెయ్యి పెట్టి చూసి, బిడ్డ అడ్డం తిరిగింది, పదింటిలోగా పట్నం పెద్దాసుపత్రికి చేర్చకపోతే ఇద్దరూ దక్కరు అంది. రొట్టెల ట్రేలు దించేసి వ్యానులో పరుపు వేశారు. ఆమె తండ్రి కూతురి తల ఒళ్ళో పెట్టుకుని వెనక కూర్చున్నాడు. ఆయన నలభై ఏళ్ళు షాపుల బోర్డులూ, రోడ్ల పక్క కిలోమీటరు రాళ్ళూ రాసి మానేసిన పెయింటరు.

"ఏమండీ, ఏదో ఒకటి చెబుతూ ఉండండి" అని భార్య అడిగింది. దాంతో ముందు అద్దంలోంచి కనిపించిందల్లా అతను వెనక్కి చెప్పుకుంటూ పోయాడు. పొద్దుతిరుగుడు చేలు, ఇటుక బట్టీల పొగ, టైర్ల గుట్ట మీద కునుకు తీస్తున్న పంక్చర్ షాపాయన...

"ఇప్పుడో గొర్రెల మంద. ముందున్న గొర్రె అచ్చం నీలాగే. హారన్ కొట్టినా కదలట్లేదు."

నొప్పిలోనే ఆమెకు నవ్వొచ్చింది.

బాగా చీకటి పడ్డాక చూస్తే పెద్దరోడ్డుకి అడ్డంగా కంటైనర్ లారీ ఒకటి బోల్తా పడి ఉంది. ఇక మిగిలింది కాలవగట్టే. దేవుడికి దణ్ణం పెట్టుకుని బండి అటే తిప్పాడు.

గట్టు మీద ఒక్క దీపం లేదు. ఒక పక్క నల్లటి నీళ్ళు, ఇంకో పక్క తుమ్మచెట్లు. వ్యానులో మీటరు పాడై మూడేళ్ళయింది, దూరం తెలియాలంటే ఆ రాళ్ళే దిక్కు. చూడకూడదు అనుకుంటూనే చూశాడు. పదమూడు... పన్నెండు... పదకొండు.

చాలాసేపటికి ఇంకో రాయి వచ్చింది. పదకొండు.

"ఏంటండీ, ఆపేశారు?" అంది భార్య.

"చెప్పడానికేం లేదు. చెట్లే."

మూడో రాయి మెల్లగా లైట్ల వెలుగులోకి వచ్చింది — పదకొండు. అతని కాలు దానంతటదే బ్రేకు మీద పడింది.

"మావయ్యా..." అన్నాడు వెనక్కి తిరిగి. "మూడోది. వెనక్కి తిప్పేస్తాను. పెద్దరోడ్డు ఈపాటికి ఖాళీ అయ్యుంటుంది."

"టైమెంత?"

"తొమ్మిదీ ఇరవై."

పరుపు మీద ఆమె పళ్ళ బిగువున మూలిగింది. ముసలాయన కిటికీలోంచి ఆ రాయిని కాసేపు చూశాడు. తర్వాత చిన్నగా నవ్వాడు.

"అది నా నిర్వాకమే అల్లుడూ."

"అంటే?"

"ఎవరితోనూ అనకు, పరువు పోతుంది. ఈ రాళ్ళు రాసింది నేనే. అంకెలు కోసిన రేకులు ఒక్కోటీ పెట్టి రంగు అద్దుకుంటూ వస్తున్నాను... గాలికి రేకుల సంచి కాలవలో పడింది. చేతిలో ఒకటో అంకె రేకు ఒక్కటే మిగిలింది. మేస్త్రీ వచ్చేలోగా పనైపోవాలి కదా? దాన్నే రెండుసార్లు అద్దేశాను. ఇది పదకొండు కాదు, తొమ్మిది. పోనీ."

"నీ పనెప్పుడూ ఇంతేనని అమ్మ ఊరికే అనేది కాదు నాన్నా" అంది కూతురు, ఊపిరి కూడదీసుకుని.

అతనికి భయం పోయి ఒళ్ళు మండింది. ఆ మంటలో గేరు మార్చాడు, వ్యాను దూసుకుపోయింది.

ఇంకో రాయి. పదకొండు.

"అదీ నాదే" అన్నాడు ముసలాయన.

మరొకటి.

"అదీ నాదే... రాళ్ళెందుకు, రోడ్డు చూడు."

ఆ తర్వాతి రాయిని అల్లుడు తల తిప్పకుండానే దాటేశాడు. మలుపు తిరగ్గానే పట్నం దీపాలు కనిపించాయి.

పదింటికి పది నిమిషాలుందనగా ఆసుపత్రి చేరారు. పన్నెండు దాటాక నర్సు తలుపు తీసి, ఆడపిల్ల, తల్లీబిడ్డా క్షేమం అంది. పావుగంట ఆలస్యమై ఉంటే ఈ మాట చెప్పేదాన్ని కాదు అని కూడా అంది. అతను గోడకానుకుని ఏడ్చేశాడు.

తెల్లవారాక మామా అల్లుళ్ళిద్దరూ వరండాలో బల్ల మీద కూర్చుని టీ తాగుతున్నారు. సంతోషంలో అతనికి లోకం మీద జాలి పుట్టుకొచ్చింది.

"మావయ్యా, ఓ డబ్బా రంగు కొనుక్కెళ్ళి ఆ రాళ్ళు సరిచేద్దాం. పాపం, ఇంకెవరూ జడుసుకోరు."

ముసలాయన చివరి గుక్క తాగి గ్లాసు పక్కన పెట్టాడు. అటూ ఇటూ చూసి అల్లుడి దగ్గరికి జరిగాడు.

"నువ్వు బండి తిప్పేస్తే నా కూతురు దక్కదని అలా అన్నాను" అన్నాడు మెల్లగా. "ఆ రోడ్డు మీద నేనెప్పుడూ పనిచెయ్యలేదు అల్లుడూ. ఆ రాళ్ళని చూడడం నాకూ... రాత్రే మొదటిసారి."