మూడో గాటు నీళ్ళు

కొండ ఊట నుంచి దిగే కాలువకి అడ్డంగా ఒక దుంగ ఉండేది. దాని మీద మూడు గాట్లు. మొదటి గాటు నీళ్ళు మెరక పొలాలకి, రెండోవి పల్లపు పొలాలకి. మూడోది అడవికి. ఆ నీళ్ళు ఎవరి మడిలోకీ రావు, చెట్ల మధ్య ఇసుకలో ఇంకిపోతాయి.

ఈ పంపకం చూసే మనిషిని అందరూ నీళ్ళక్క అనేవాళ్ళు. మామగారు పోయాక ఆయన పార ఆమె భుజానికెక్కింది. దించుదామంటే అందుకునే నాథుడు లేడు. నీళ్ళు తక్కువైనవాడూ ఆమెనే తిట్టేవాడు, ఎక్కువై గట్టు తెగినవాడూ ఆమెనే తిట్టేవాడు. ఒక్కరోజు కాళ్ళు చాపుకుని పడుకుంటే చాలు దేవుడా అనుకునేది. ఆ ఒక్కరోజే దొరికేది కాదు.

పనికి ఒక పద్ధతుంది. గాటులో మట్టి తీసి "వదులుతున్నా!" అని కేకెయ్యాలి. పొలం దగ్గర కాచుకున్నవాళ్ళు నీళ్ళు చేరగానే "అందింది!" అనాలి. "అందలేదు" అన్నారంటే మధ్యలో ఎక్కడో గండి పడినట్టు. అందింది అనేదాకా నీళ్ళక్క దుంగ దగ్గర్నుంచి కదలకూడదు. నెత్తిన పిడుగు పడినా సరే.

మూడో గాటుకి మాత్రం కేకా లేదు, మూతా లేదు.

"అడవి తాగిన నీళ్ళే మళ్ళీ ఊటలోకొస్తాయమ్మా. అది మూస్తే మన గొంతు మనం నొక్కుకున్నట్టే" అని పని నేర్పేటప్పుడు మామగారు చెప్పాడు.

"మరి కేకెందుకెయ్యకూడదు మావయ్యా?"

ఆయన పార కడిగి గట్టుకి ఆనించాడు. "ఎవరైనా పలికితే ఏం చేస్తావు?" అన్నాడు.

ఆమె నవ్వింది. ఆయన నవ్వలేదు.

ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. వరి పాలు పోసుకునే వేళకి కాలువ సన్నటి ధారయింది. అది చాలదన్నట్టు మొగుడు జ్వరంతో మంచం పట్టాడు. దగ్గి దగ్గి గొంతు బొంగురుపోయింది. ఏ మందూ పనిచెయ్యలేదు. రాత్రంతా అతని పక్కన కూర్చుని, పగలంతా కాలువ గట్టు మీద తిరిగి, నీళ్ళక్క మనిషి సగమైంది. పొలం పోయినా పోనీ, ఈయన లేస్తే చాలు అనుకునేది. మరుక్షణం పొలం పోతే ఈయనకి గంజెక్కడిది అనుకునేది.

ఒకనాడు మూడో గాటులోంచి ఊరికే పోతున్న నీళ్ళని చూస్తూ నిలబడింది. ఏడుపొచ్చింది. గుప్పెడు బంకమట్టి తీసి కూరేసింది.

"నాలుగు రోజులే" అంది ఎవరితోనో.

ఆ నాలుగు రోజుల్లోనే ఊట చిక్కిపోయింది. దుంగ అవతలి చెట్లు ఆకు రాల్చేశాయి. పిట్టల సద్దు లేదు. అడవి వైపు నుంచి ఎప్పుడూ వచ్చే పచ్చి మట్టి వాసన పోయి, అడుగంటిన గిన్నె వాసన వచ్చేది.

మామగారి మాట నిజమేనని అర్థమై, గాటు తెరవడానికి ఒక సాయంత్రం బయల్దేరింది. దాంతోపాటే పల్లపు పొలానికీ కాసిన్ని నీళ్ళు వదుల్దామని మరిదిని అక్కడ కూర్చోబెట్టింది.

"నిద్రపోకు."

"నేనా? నన్ను చూస్తేనే నిద్ర పారిపోతుంది వదినా" అన్నాడతను ఆవలిస్తూ.

దుంగ దగ్గరికొచ్చేసరికి మబ్బు కమ్మి, చెట్ల కింద అప్పుడే చీకటి చేరింది. గాలి లేదు. ఎండిన మట్టిని పారతో పొడిచి, వేళ్ళతో పెకిలించింది. నీళ్ళు మూడో గాటులోంచి బుడబుడమంటూ అడవిలోకి పోయాయి. అలిసిపోయిన మనిషికి నోరు తన పని తాను చేసుకుపోతుంది. ఎన్నో ఏళ్ళ అలవాటు...

"వదులుతున్నా!" అని కేకేసింది.

వేసిన వెంటనే నాలుక కరుచుకుంది.

అడవిలో ఏమీ కదల్లేదు. పోనీలే అనుకుని పార అందుకుంది.

"అందలేదు."

గొంతు ఆడదీ కాదు, మగదీ కాదు. ఎండుటాకులు రాసుకున్నట్టుంది.

"ఒరేయ్, నీ పరాచికాలు నా దగ్గర కాదు" అంది మరిదిననుకుని.

"వదినా! మాకింకా వదల్లేదా?" అని వెనక నుంచి, దూరంగా, పల్లపు పొలం వైపు నుంచి అతను అరిచాడు.

చేతిలో పార జారింది.

"అందలేదు." ఈసారి దగ్గరగా. ఈసారి అచ్చం మరిది గొంతు.

ఆమె తొంగి చూసింది. మూడో కాలువలో నీళ్ళు మొదటి మలుపుదాకా పోతున్నాయి. ఆ మలుపు దగ్గర ఆగిపోతున్నాయి. ఇంకడం లేదు, పొర్లడం లేదు... అవతల పొడి ఇసుక. అక్కడెవరో నేలకి నోరానించి తాగుతున్నట్టు... గుటక వినిపించింది.

పారిపోవచ్చు. కానీ అందలేదు అన్నాక కదలకూడదు. ఎంత భయంలోనూ ఆ పద్ధతి ఆమె కాళ్ళని వదల్లేదు. మొదటి గాటు మూసేసింది. రెండోది ఎలాగూ ఇంకా తెరవలేదు. ఉన్న నీళ్ళన్నీ అడవికే వదిలింది.

"తాగు... ఎంత కావాలో తాగు... మమ్మల్నొదిలెయ్" అని గొణిగింది.

గుటక... మళ్ళీ గుటక... తర్వాత అదీ ఆగింది.

"అందింది."

ఆ మాట అడవిలోంచి రాలేదు. కిందనుంచి, ఇంటి వైపు నుంచి వచ్చింది. మంచం మీంచి లేవలేని మొగుడి గొంతుతో.

ఆమె ఇంటికెలా చేరిందో ఆమెకే తెలియదు. అతను గుమ్మంలో నిలబడి ఉన్నాడు. తన కాళ్ళ మీద తాను. నుదురు పట్టి చూసింది. జ్వరం లేదు. చల్లగా, కాస్త తడిగా ఉంది. అతని భుజం మీద తల పెట్టి బావురుమంది. ఎన్నాళ్ళుగానో దాచుకున్న ఏడుపంతా ఏడ్చింది. ఆ రాత్రి కాళ్ళు చాపుకుని ఒళ్ళెరగకుండా నిద్రపోయింది.

తెల్లారేసరికి ఊట నిండుగా ఉంది. పొలం బతికింది. అతను దగ్గకుండా, ఆయాసపడకుండా ఇద్దరి పని చేసేవాడు. మా వదిన చెయ్యి మంచిదని మరిది అందరికీ చెప్పుకున్నాడు. నీళ్ళక్క ఒంటికి మళ్ళీ కండపట్టింది.

కోతకి ముందు ఆఖరి తడి కట్టడానికి మొగుడు కూడా వెంట వచ్చాడు. పార తనే మోశాడు. ఆమె రెండో గాటు తెరిచి కేకేసింది.

"వదులుతున్నా!"

"అందింది వదినా!" అన్నాడు మరిది పొలం దగ్గర్నుంచి.

అంతలో మూడో గాటు అవతల, చెట్లలో చాలా లోపల... దగ్గు. తెరలు తెరలుగా దగ్గు. ఎన్ని రాత్రులు పక్కన కూర్చుని విన్న దగ్గు అది!

"అందలేదే..." అంది బొంగురు గొంతు. "దాహం..."

నీళ్ళక్క పక్కకి చూసింది. ఆమె మొగుడు తొణకలేదు. వంగి, గుప్పెడు బంకమట్టి తీసి, మూడో గాటులో నింపాదిగా కూరాడు. బొటనవేలితో అంచులు నున్నగా అదిమాడు.

"పద, ఇంటికి పోదాం" అన్నాడు.