దొరగారి దాహం

ఆ ఇంట్లో అందరికన్నా ముందు వంటింటి గుమ్మంలో హాజరయ్యేది దొరగారే. మామగారు పోయే ముందు ఏడాది తెచ్చిన కుక్క అది. ఆ పేరూ ఆయన పెట్టిందే. ఇప్పుడు అత్తగారికి అదే లోకం.

ఆ ఉదయమూ దొరగారు వచ్చి కూర్చున్నారు. పొట్ట ఉబ్బి వేలాడుతోంది, వీపు మీద బొచ్చు ఊడి చర్మం కనిపిస్తోంది. ఎప్పుడూ గిన్నె నాకేసే దొరగారు ఆరోజు తిండి ముట్టలేదు సరికదా, పచ్చగా కక్కేశారు. కోడలికి ఒళ్ళు మండింది.

"అత్తయ్యా, మళ్ళీ వెన్న పెట్టారా?"

"నేనేం పెట్టలేదమ్మా."

"మరి ఆ పొట్ట గాలి పీల్చి పెరిగిందా? మీ గారాబమే దాన్ని చంపేస్తుంది, చూస్తూండండి!"

అత్తగారు చూపు తప్పించి దాని మూతి తుడిచారు. ఏదో దాస్తున్నారని కోడలికి అర్థమైంది. వెన్నే అనుకుంది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ స్కాన్ చూసి పెదవి విరిచింది. "పిత్తాశయంలో రసం జిగురులా గట్టిపడుతోంది. కొన్ని హార్మోన్ జబ్బులున్న కుక్కల్లో ఇలా ఎక్కువగా చూస్తాం. నీళ్ళు బాగా తాగుతోందా? ఇంట్లోనే మూత్రం పోసి తడిపేస్తోందా?"

"అబ్బే, లేదండీ" అంది కోడలు. "మా ఇంట్లో నేల అద్దంలా ఉంటుంది."

అత్తగారు తల వంచుకున్నారు. "తడుపుతోందండీ. రోజూనూ. కోడలు లేచేలోపు నేనే తుడిచేస్తున్నాను."

"నాకెందుకు చెప్పలేదత్తయ్యా?"

"సోఫా తడిపిన రోజు, ఇంకోసారి ఇలా చేస్తే ఎవరికైనా ఇచ్చేస్తానన్నావు కదమ్మా."

కోడలు ఆ మాట కోపంలో అనేసి ఆ పూటే మరిచిపోయింది. ఆ నేల చూసి మురిసి, కొత్త ఫినాయిల్ భలే ఉందని పక్కింటావిడకి చెప్పింది కూడా. మోకాళ్ళ నొప్పులతో మెట్లెక్కలేని మనిషి, చీకటుండగానే వంగి తుడిచిన నేల అది.

రక్తపరీక్షలో సంగతి తేలింది. కార్టిసాల్ అనే హార్మోన్ అతిగా ఊరుతోందట. ఆ దాహం, ఆ పొట్ట, బొచ్చు రాలడం అన్నీ దానివల్లేనట. పిత్తాశయం ఇంకా చేయి దాటలేదని, రెంటికీ మందులు, కొవ్వు లేని తిండి ఇస్తే ఆపరేషన్ తప్పవచ్చని డాక్టరమ్మ ధైర్యం చెప్పింది. ఇంటికొచ్చేదాకా కోడలు అత్తగారి చెయ్యి వదల్లేదు.

మర్నాడు తెల్లవారుతూనే అత్తగారు హాల్లోకి వచ్చి తుడుపుకర్ర కోసం వెతికారు. అది కోడలి చేతిలో ఉంది.

"నేను తుడిచేశానత్తయ్యా. మీరు పడుకోండి."

అత్తగారి కళ్ళు నిండాయి. "అయితే... దీన్ని పంపించవు కదా?"

"ఎక్కడికి పంపుతాను? మామయ్యగారు పెట్టిన పేరుతో ఇంకో ఇంట్లో ఎవరు పిలుస్తారు దాన్ని?" అంటూనే కోడలు ఏడ్చేసింది. ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని ఏడుస్తుంటే, దొరగారు మధ్యలోంచి దూరి నీళ్ళ గిన్నె దగ్గరికి నడిచారు. అది ఖాళీగా ఉంది.

కోడలు కళ్ళు తుడుచుకుని, దాన్ని నిండా నింపింది.