బల్ల మీద లేత్ మిషను

ప్లగ్గు పీకేసింది మెహర్. ఎవరినీ అడగలేదు.

కొయ్య మీదికి వంగి పెన్సిల్‌తో గీత గీస్తున్న కుర్రాడు తలెత్తాడు. అతని మెడలోని తువ్వాలు కొసలు మిషను మీద వేలాడుతున్నాయి.

"ఏవండీ! మా షాపులోకొచ్చి మా ప్లగ్గు పీకడానికి మీరెవరండీ?"

"స్విచ్ ఆన్‌లో ఉంది."

"కరెంటే లేదు కదండీ! రెండింటికి గానీ రాదు."

"రాదని కరెంటాఫీసు వాళ్లు మీకు రాసిచ్చారా?"

అతను ఏదో అనబోయాడు. అంతలో పక్క టైలర్ షాపులో రేడియో గట్టిగా మోగింది. నెత్తిన ఫ్యాను కిర్రుమంటూ కదిలింది. అతను తన తువ్వాలు వంక, మిషను వంక, ఆమె చేతిలోని ప్లగ్గు వంక చూశాడు. తువ్వాలు తీసి పక్కన పెట్టాడు.

"కూర్చోండి," అన్నాడు, గొంతు బాగా తగ్గించి.

"కూర్చోనులెండి. దీన్ని దగ్గరగా చూడొచ్చా?"

రెండు వేల నాలుగు, ఫిబ్రవరి. చిలకలూరిపేట అంతా మిర్చి ఘాటుకి తుమ్ముతున్న రోజులు. మెహర్ వాళ్ల నాన్న నాగూర్ వలిది మెయిన్ రోడ్డులో మోటార్ వైండింగ్ షాపు. ఎలక్ట్రికల్ డిప్లొమా పూర్తి చేసి, ఉద్యోగం వచ్చేదాకా ఆమె అక్కడే పని చేస్తోంది. కాయిల్ చుట్టే కొయ్య అచ్చు విరిగితే, కొత్తది చేయించుకుందామని ఇలా వచ్చింది. తీరా వచ్చాక అచ్చు సంగతే మర్చిపోయింది. పాలిటెక్నిక్‌లో గది పొడవు లేత్‌లు చూసింది కానీ, కుట్టు మిషను అంత లేత్ చూడటం ఇదే మొదటిసారి.

"ఎంత ముద్దుగా ఉందో! ఎక్కడ దొరికింది?"

"బెజవాడలో. సెకండ్ హ్యాండ్. నా పేరు హయాత్ అండీ," అన్నాడు, అడక్కపోయినా.

మంచం కోళ్లు చేయడంలో హయాత్ వాళ్ల నాన్న హుస్సేన్ సాహెబ్‌ది పేరున్న చెయ్యి. చేత్తో తాడు లాగి తిప్పే పాత తరిమెన మీదే ఆయన పనంతా. వయసులో ఉండగా సామిల్లులో పని చేస్తూ రెండు వేళ్లు పోగొట్టుకున్నాడు. అప్పటి నుంచి కరెంటుతో తిరిగే మిషను ఏదీ గడప దాటి లోపలికి రానివ్వలేదు.

"నాన్న ఒంగోలులో మా అక్క వాళ్లింటికెళ్లారు. ఆదివారం వస్తారు. ఆయన ముందు తిప్పి చూపించాలి. ఆయనకి భయం వేస్తే మిషను వెనక్కి ఇచ్చేయాలి. అదీ మా ఒప్పందం."

మెహర్ బల్లని ఒక్క తోపు తోసింది. బల్ల ఊగింది. మిషను కూడా ఊగింది.

"నాకే భయం వేస్తోందండీ!"

ఆ రోజు గురువారం. శుక్రవారం మధ్యాహ్నం నాన్న భోజనానికి ఇంటికెళ్లగానే ఆమె స్పానర్లు పట్టుకుని వచ్చింది. శనివారం కూడా అంతే. బల్లకి అడ్డపట్టీలు కొట్టి, గోడకి బిగించారు. మిషను పాదాలకి నాలుగు వైపులా బోల్టులు వేశారు.

"ఎత్తు సరిపోయిందా? మోచెయ్యి పెట్టి చూడండి. కొయ్య తిరిగేది మీ మోచేతికి సమంగా ఉండాలి. వంగితే తల మిషను మీదికి పోతుంది."

"నా మోచెయ్యా, మీ మోచెయ్యా?"

"మిషను ఎవరిది?"

"ఇప్పుడైతే ఎవరిదో నాకే డౌటుగా ఉందండీ."

ఆమె నవ్వు ఆపుకుని ఎర్త్ వైరు బిగించింది. మామూలు స్విచ్ తీసేసి, బోరు మోటారుకి వాడే చిన్న స్టార్టరు పెట్టింది. కరెంటు పోయి వచ్చినా పచ్చ బటన్ నొక్కితే గానీ అది తిరగనివ్వదు. నొక్కే ముందు ఆమె చున్నీ బిగించి పిన్ను పెట్టింది, జడ ముడేసింది, గాజులు తీసింది. అతను చూస్తూ నిలబడిపోయాడు.

"నన్ను కాదు, కొయ్యని చూడండి. ముందు చేత్తో ఒక చుట్టు తిప్పండి. ఉలి ఆనించే కమ్మీకి ఎక్కడా తగలట్లేదుగా?"

"లేదండీ."

"కళ్లద్దాలు పెట్టుకుని పక్కకి జరగండి. కొయ్య ఊడితే ఎదురుగా ఉన్నవాళ్ల మీదికే వస్తుంది. మొదట తక్కువ స్పీడే."

మిషను గుర్రుమంది. బల్ల కదల్లేదు. హయాత్ ఉలి ఆనించగానే సన్నటి తెల్లటి చెక్కపొట్టు ఉంగరాలు ఉంగరాలుగా లేచింది. ఇద్దరూ చిన్నపిల్లల్లా ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

అప్పుడే కలప డిపో అంకమ్మరావు గుమ్మంలోంచి కేకేశాడు. "ఏరా హయాత్! బానే బిగించావే! నీ పనేనా?"

"నాది కాదు బాబాయ్. ఎవరో మెకానిక్ వచ్చి బిగించాడు."

మెహర్ స్పానర్లు సంచిలో వేసుకుంది. గాజులు కూడా తొడుక్కోకుండా వెళ్లిపోయింది.

ఆదివారం వెళ్లకూడదనే అనుకుంది. కానీ హుస్సేన్ సాహెబ్ ఏమంటాడో తెలుసుకోకుండా ఉండలేకపోయింది. పదిన్నరకి ఆమె హయాత్ షాపు దగ్గరికి వచ్చేసరికి, తండ్రీ కొడుకులతో పాటు అంకమ్మరావు కూడా అక్కడే ఉన్నాడు.

ముసలాయన బల్లని రెండు చేతులా తోసి చూశాడు. మిషను తిరుగుతుండగా మెయిన్ ఆపించాడు. మళ్లీ వేయించాడు. కొయ్య కదల్లేదు.

"ఎవర్రా ఇది బిగించింది?"

హయాత్ గుమ్మం వైపు చూశాడు. "మెహర్ గారు నాన్నా. నాగూర్ వలి గారి అమ్మాయి. నిన్న బాబాయ్‌కి ఎవరో మెకానిక్ అని చెప్పాను. ఈమె పేరు బజార్న పడుతుందని భయపడ్డాను. ఆమె చేసిన పనికి ఆమె పేరు చెప్పకపోవడం తప్పే."

మెహర్ గడప దాటి లోపలికి వచ్చింది. ముసలాయన అడిగాడు: "నేను ఎక్కడ నిలబడాలమ్మా?"

ఆమె చూపించింది. ఆయన కళ్లద్దాలు పెట్టుకుని, మూడు వేళ్ల చేత్తో ఉలి పట్టుకున్నాడు. రెండో చేత్తో పచ్చ బటన్ నొక్కాడు. ఉలి కొయ్యకి తగలగానే చెక్కపొట్టు లేచింది. తల ఎత్తకుండా పది నిమిషాల సేపు చెక్కాడు. ఎర్ర బటన్ నొక్కి, నున్నటి కొయ్యని తడిమి చూసి, ఆయన గట్టిగా ఊపిరి వదిలాడు.

"ఉంచుదాంరా." తర్వాత మెహర్ వైపు తిరిగాడు. "అమ్మా, మీ నాన్న ఇంట్లో ఎప్పుడుంటాడు?"

"ఎందుకండీ?"

"వీడు మూడు రోజుల నుంచి ఫోన్‌లో మిషను గురించి ఒక ముక్క చెబితే, నీ గురించి పది ముక్కలు చెప్పాడు."

హయాత్ చెవులు ఎర్రబడ్డాయి. అయినా నాలుగడుగులు ముందుకేశాడు. "మెహర్ గారూ, ముందు మిమ్మల్ని అడగాలి. మీకు ఇష్టమేనా? కాదంటే నాన్న రారు. మీ అచ్చు మాత్రం చేసిస్తాను."

"ఇష్టం లేకపోతే రెండు రోజులు అన్నం మానేసి ఇక్కడ బోల్టులు బిగిస్తానా?" అంది మెహర్. ఆ వెంటనే ముసలాయన వైపు తిరిగి, తలదించుకుని చెప్పింది: "నాన్న సాయంత్రం అసర్ నమాజు అయ్యాక ఇంట్లోనే ఉంటారండీ. ఈ రోజే రండి."