కొంగలకుంటలో లేని పిట్ట

"రేపు పొద్దున మీ మాస్టారిని చంపబోతున్నారు," అన్నాడు ప్రేమ్ కుమార్ ఫైలు మూస్తూ.

రాజేందర్ కుర్చీ అంచుకి జరిగాడు.

రాయదుర్గం మెట్రో స్టేషన్ ఎదురుగా పదకొండో అంతస్తులో ఉన్న ఆ ఆఫీసుకి 'ట్యాలెంట్ కన్సల్టెన్సీ' అని బోర్డు ఉంటుంది. ఉద్యోగాల కోసం వచ్చిన పిల్లల దగ్గర రిసెప్షన్‌లోనే రెజ్యూమె తీసుకుని పంపించేస్తారు. పాపం, వాళ్లు ఇంకా ఫోన్ వస్తుందని చూస్తూనే ఉంటారు. లోపలున్నది కౌంటర్ ఇంటెలిజెన్స్ విభాగం. ప్రేమ్ కుమార్ దానికి చీఫ్. సిద్దిపేట నుంచి వచ్చిన రాజేందర్ అందులో పదహారేళ్లుగా ఫీల్డ్ ఏజెంట్.

"ఎవరు సార్?"

"లకుముకి."

ఆ పిట్ట పేరు పెట్టింది వీళ్లే. ఐటీ కారిడార్‌లో రక్షణ శాఖకి చిప్‌లు డిజైన్ చేసే ల్యాబుల నుంచి రహస్యాలు దొంగిలించి దేశం దాటిస్తున్న విదేశీ ముఠా ఒకటుంది. దాని నాయకుణ్ణి 'ప్రొఫెసర్' అంటారు. వాడి ముఖం ఎవరూ చూడలేదు. వాడి కోసం ఇక్కడ ప్రాణాలు తీసే ఏజెంటే లకుముకి. మగో ఆడో కూడా తెలియదు. తెల్లాపూర్ దగ్గర కొంగలకుంట గట్టు మీద సరుకు చేతులు మారుతోందని ఉప్పందితే, ఐదు నెలల కిందట రాజేందర్‌ని అక్కడి బర్డ్ వాచర్ల గ్రూపులో చేర్పించారు.

ప్రేమ్ కుమార్ ఒక కాగితం ముందుకు తోశాడు. ప్రొఫెసర్ లకుముకికి పంపితే మధ్యలో పట్టుబడిన మెసేజ్. *ముసలాయన నా ముఖం చూశాడు. ఆదివారం చెరువు దగ్గరే ముగించండి.*

రాజేందర్‌కి సంగతి అర్థమైపోయింది. రెండు వారాల కిందట, తాను వెళ్లని ఆదివారం, గట్టు మీద ఎవరో కొత్త మనిషి నిలబడితే, గ్రూపుకి పెద్దదిక్కైన దానియేలు మాస్టారు పిలిచి మరీ తన టెలిస్కోప్ దగ్గర నిలబెట్టి అరగంట బాతుల్ని చూపించారట. వాడే ప్రొఫెసర్. ఆయన జబ్బే అది. దారిన పోయేవాడికైనా పిట్టను చూపించకపోతే ఆయనకి నిద్ర పట్టదు.

"రేపు రావద్దని చెబుదాం సార్. ఇంట్లనే ఉంచుదాం."

"చెప్తే మెసేజ్ మనకి దొరికిందని ప్రొఫెసర్‌కి తెలిసిపోద్ది. సాయంత్రానికల్లా దేశం దాటేస్తాడు. లకుముకి ప్రాణాలతో దొరకాలి. ఆ ఫోన్‌లోనే ప్రొఫెసర్ జాడ ఉంది."

"అంటే మాస్టారిని ఎర పెడ్తున్నరా?"

"నేనామాట అనలేదు."

"మీరు అనకపోతే ఏంది సార్, పని గదే గద!"

ప్రేమ్ కుమార్ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. గుంటూరు మనిషి, కేకలేయడం బాగా తెలిసినవాడు, ఈసారి కేకలేయలేదు. "నాకేమన్నా సరదానా రాజేందర్? నువ్వుంటావు. ప్రియదర్శిని ఉంటుంది. మన వాళ్లిద్దరు పార్కు మాలీల వేషంలో ఉంటారు. 'బ్యాటరీ అయిపోయింది' అని నువ్వంటే చాలు, రంగంలోకి దిగుతారు."

ప్రియదర్శిని పేరు వినగానే రాజేందర్‌కి కాస్త ధైర్యం వచ్చింది. ఆమెదీ ఆ పిట్టల గ్రూపే. పెద్ద ఐటీ కంపెనీలో డైరెక్టర్. నడిచొస్తుంటే క్యాంటీన్ క్యాంటీనంతా తలతిప్పి చూస్తుంది. మొదట ప్రొఫెసర్ మనిషే. ఏడాది కిందట ఇటు తిరిగి, ముఠాలో ముగ్గురిని పట్టించింది. వాళ్లేమో ఆమె తమ మనిషే అనుకుంటున్నారు, వీళ్లేమో తమ మనిషి అనుకుంటున్నారు.

ప్రేమ్ కుమార్ కొత్త బైనాక్యులర్స్ చేతికిచ్చాడు. "కెమెరా, మైక్ రెండూ ఉన్నాయి. నువ్వేం చూస్తే మాకూ అదే కనపడుద్ది."

"పిట్టలు కనిపిస్తయా సార్?"

"ఏమో, అది ఎవరూ టెస్ట్ చేయలేదు."

*

ఆదివారం ఆరున్నరకి కొంగలకుంట మీద మంచు ఇంకా విడలేదు. అవతలి గట్టున గేటెడ్ కమ్యూనిటీ టవర్లు, ఇవతల కొత్తగా లేస్తున్న మరో రెండు టవర్ల మీద క్రేన్లు. మధ్యలో మిగిలిన ఈ కాసిన్ని నీళ్ల కోసం పన్నెండు మంది పొద్దున్నే నిద్ర మానుకుని వస్తారు. పిచ్చివాళ్లు అనుకునేవాడు రాజేందర్. ఐదు నెలల కిందట అతని లెక్కలో పిట్టలు రెండే రకాలు, కాకి, కాకి కానిది.

మాస్టారు మార్చేశారు. బాపట్లలో ముప్పై ఏళ్లు జువాలజీ చెప్పి, రిటైరై, భార్య రూతమ్మతో మణికొండలో ఉంటున్న మనిషి. "కంగారు పడకు బాబూ, ముందు ఊరికే చూడు," అనేవారు. ఊరికే చూడటం ఎంత కష్టమో రాజేందర్‌కి అప్పుడే తెలిసింది. పదహారేళ్లుగా అతను చూసిన ప్రతి ముఖం వెనకా ఏదో ఒకటి వెతికాడు. నీటికాకి రెక్కలారబెట్టుకుంటుంటే దాని వెనక ఏమీ లేదు. అది రెక్కలు ఆరబెట్టుకుంటోంది, అంతే. ఆ సుఖం అతనికి కొత్త. ఇక ఫొటో సంగతి చెప్పక్కర్లేదు. గట్టు మీద బోర్లా పడుకుని, మోచేతులు కొట్టుకుపోయేదాకా రెండొందల ఫ్రేములు కొడితే, నూటతొంభై తొమ్మిదింటిలో తోకో, ఖాళీ నీళ్లో ఉంటాయి. ఒక్కదానిలో పిట్ట కన్ను తళుక్కుమని దొరుకుతుంది. అది దొరికిన రోజు అన్నం కూడా గుర్తుకు రాదు.

ఈ రోజు మాత్రం అతనికి ఒక్క పిట్ట కనపడలేదు. కనపడిన ప్రతి మనిషీ హంతకుడిలా ఉన్నాడు.

"ఏంటి బాబూ, ఒంట్లో బాలేదా?" మాస్టారు భుజం మీద చెయ్యేశారు. "తీతువు అంతలా అరుస్తుంటే నువ్వు తలే తిప్పలేదు."

"నిద్ర తక్కువైంది మాస్టారూ." గ్రూపంతా ఆయన్ని అలాగే పిలుస్తుంది. అతనికీ అదే అలవాటైంది. నిజం నాలుక చివరిదాకా వచ్చింది. మింగాడు. ఇంత మంచి మనిషిని బలిపశువులా నిలబెట్టి తాను పక్కనే పహరా కాస్తున్నందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

ప్రియదర్శిని వచ్చి పక్కన నిలబడింది. ఒంటి మీద ఆకుపచ్చ జాకెట్, మెడలో అందరికంటే పెద్ద లెన్స్. చెరువు వైపే చూస్తూ పెదవి కదలకుండా అంది. "జశ్వంత్‌ని చూశావా? ఆ బ్యాగ్ ఒక్క నిమిషం కూడా కింద పెట్టట్లేదు."

చూశాడు. జశ్వంత్ అనే ఆ సాఫ్ట్‌వేర్ కుర్రాడు గ్రూపులో చేరి మూడు వారాలే అయింది. నల్ల బ్యాగ్‌ని గుండెకి అదుముకుని మాస్టారి వెనక వెనకే తిరుగుతున్నాడు.

"నువ్వు వాడిని వదలకు," అంది ప్రియదర్శిని. "మాస్టారిని నేను చూసుకుంటాను."

ఎనిమిదిన్నరకి అందరూ టీకి ఆగారు. జశ్వంత్ మాత్రం అటూ ఇటూ చూసి, మెల్లగా తుమ్మపొదల వెనక్కి జారుకున్నాడు. రాజేందర్ నలభై అడుగులు వెంట నడిచి, జిప్పు లాగుతున్న చేతిని ఒక్క ఉదుటున పట్టుకున్నాడు.

"ఏందిది? తియ్యి!"

"అరే అన్నా, జర ఆగు, విరిగిపోతది!" కుర్రాడు బెంబేలెత్తిపోయాడు. బ్యాగ్‌లోంచి బయటికి వచ్చింది చెక్కతో చేసిన పిచ్చుక గూడు. ఒక పక్క వంకర, మేకు ఒకటి బయటికి పొడుచుకొచ్చింది. "మాస్టారికి ఇద్దామని చేసిన. అందరి ముందు ఇస్తే నవ్వుతరేమో అని ఫికర్. ఎట్లుందన్నా?"

చెవిలోని ఇయర్‌పీస్‌లో ప్రేమ్ కుమార్ గొంతు వినిపించింది. "వాడు క్లీన్, రాజేందర్. వదిలెయ్."

వాడు క్లీన్. మరి వాడి వెనక తనని పంపింది ఎవరు? మాస్టారిని చూసుకుంటానన్నది ఎవరు?

రాజేందర్ గిర్రున తిరిగాడు.

గట్టు మీద మాస్టారు మడతకుర్చీలో కూర్చున్నారు. పక్కనే ప్రియదర్శిని. అందరికీ పెద్ద ఫ్లాస్క్‌లో టీ. మాస్టారికి షుగర్, ఆవిడకి ఒళ్లు పెరుగుతుందని భయం, అందుకని ఆ ఇద్దరికీ చిన్న ఫ్లాస్క్‌లో చక్కెర లేని టీ తెస్తుందావిడ. ప్రతి ఆదివారం దానిలోంచి రెండు కప్పులు పోస్తుంది. ఈ రోజు ఒక్కటే పోసి మూత బిగించేసింది.

మాస్టారు కప్పు అందుకున్నారు. వేడి ఆరేలా ఊదుతున్నారు.

నలభై అడుగులు. ఎంత పరుగెత్తినా అందదు. తాగొద్దని అరుద్దామా? ఆయనకి కుడి చెవి వినపడదు. వినపడినా, "ఏంటి బాబూ?" అంటూనే ఒక గుక్క వేసే మనిషి. పైగా ఆవిడ చేతికి ఒక్క అడుగు దూరంలో ఆయన మెడ. ఆ చేతిలో ఇంకేముందో దేవుడికే తెలుసు.

కప్పు పెదవులకి తగిలింది.

"మాస్టారూ!" గొంతు చించుకుని అరిచాడు రాజేందర్. "బట్టమేక! బట్టమేక పిట్ట! టవర్ల మీంచి పోతున్నది, గటు చూడున్రి!"

మనుషుల మాట వినపడకపోయినా ఆ చెవికి పిట్ట పేరు వినపడుతుంది. అందులోనూ బట్టమేక! దేశం మొత్తం మీద పట్టుమని రెండొందలు కూడా మిగలని పక్షి. మాస్టారి చేతిలో కప్పు ఎటు పోయిందో ఆయనకే తెలియదు. కుర్చీ వెనక్కి పడింది, కెమెరా పైకి లేచింది. పదకొండు తలలు, పదకొండు లెన్సులు ఒక్కసారిగా ఆకాశం వైపు తిరిగాయి.

తిరగనిది ఒక్కటే తల. ప్రియదర్శిని గడ్డి మీద ఒలికిన టీ వైపు చూస్తోంది.

"నా బ్యాటరీ అయిపోయింది!" అన్నాడు రాజేందర్.

మాలీలిద్దరూ నీళ్ల గొట్టం వదిలేసి వచ్చారు. ఒకడు ఆవిడ రెండు చేతులూ వెనక్కి పట్టాడు, ఇంకొకడు నోరు మూశాడు. జాకెట్ మణికట్టు దగ్గర సన్నటి సూది దొరికింది. ఫోన్, ఫ్లాస్క్, ఆవిడా ఇరవై సెకన్లలో గేటు దగ్గరి నర్సరీ వ్యాన్‌లో ఉన్నాయి. ఒక్కరూ చూడలేదు. చూడాల్సిన కళ్లన్నీ పైన లేని పిట్టను వెతుకుతున్నాయి.

"ఎక్కడ బాబూ? ఎటు?" మాస్టారు లెన్స్‌ని ఆకాశమంతా తిప్పుతున్నారు. "ఎనభై ఆరులో రోళ్లపాడులో చూశాను. పెళ్లయిన కొత్త, రూత్ కూడా ఉంది. మళ్లీ కనపడలేదు. ఎటెళ్లింది బాబూ?"

"గటు... క్రేన్ల దిక్కు పోయింది మాస్టారూ."

బతికి ఉన్నారు, అంతే చాలు అనుకున్నాడు రాజేందర్. కానీ ఆ తడి కళ్లలోకి మాత్రం చూడలేకపోయాడు. పదింటికి చర్చికి వెళ్లాల్సిన మనిషి పదకొండున్నరదాకా గట్టు మీదే నిలబడి, క్రేన్ల వైపు చూస్తూనే ఉన్నారు.

*

మధ్యాహ్నం రెండింటికి, లకుముకి ఫోన్ చూపించిన దారిలో వెళ్లి ప్రొఫెసర్‌ని శంషాబాద్ ఎయిర్‌పోర్ట్‌లో బోర్డింగ్ గేటు దగ్గర పట్టుకున్నారు. చిన్న ఫ్లాస్క్‌లోది రెండు గుక్కలు తాగితే చాలు, గుండెపోటని డాక్టర్లే రాసిచ్చేవారని ల్యాబ్ తేల్చింది. ప్రియదర్శినికి రాత్రికి రాత్రే సింగపూర్ ట్రాన్స్‌ఫర్ అయినట్టు ఆమె కంపెనీ నుంచి గ్రూపుకి కబురు వెళ్లింది.

సోమవారం ప్రేమ్ కుమార్ స్వయంగా లేచి షేక్‌హ్యాండ్ ఇచ్చాడు. "ఢిల్లీ వాళ్లు చాలా హ్యాపీ. కవర్ పోలేదు కదా? నువ్వెవరో ఎవరికీ తెలియలేదు కదా?"

"కవర్‌కి ఏం కాలే సార్. గ్రూపుల నుంచి నన్నే తీసేసిన్రు."

"ఎందుకు?"

"తొమ్మిది వందల ఫొటోలు జూమ్ చేసి చూసుకున్నరంట. పిట్ట లేదు. గద్దని చూసి పొరపడ్డనేమో అన్న. గద్దని చూసి బట్టమేక అని చిన్నపిల్లలు గూడ అనరన్నరు." వాళ్లలో పొరపాటుకి క్షమాపణ ఉంది. లేని పిట్టను చూశానన్నవాడికి మాత్రం మళ్లీ ఆ గట్టు మీద చోటుండదు. "మాస్టారికి ఒక్కరికన్నా నిజం చెప్పొచ్చా సార్?"

"కేసు తేలేదాకా కుదరదు."

"ఎన్నేళ్లు?"

"పది. పదిహేను కూడా పట్టొచ్చు." మాస్టారికి డెబ్బై నాలుగని ఇద్దరికీ తెలుసు.

ఫోన్ మోగింది. మాస్టారి మెసేజ్. ఇన్నాళ్లూ 'బాబూ' అన్న మనిషి 'గారూ' అని మొదలుపెట్టారు. రాజేందర్ చదివి ఫోన్ చీఫ్ చేతికిచ్చాడు.

*రాజేందర్ గారూ, మీ మీద కోపం లేదండి, బాధ. మీ మాట నమ్మి ఇంటికెళ్లి రూత్‌తో కూడా చెప్పాను. ఇక చెరువు దగ్గరికి రాకండి. ఆ ప్రియదర్శిని గారిని చూడండి. చెప్పకుండా వెళ్లిపోయారన్న మాటే గానీ, ఉన్నన్నాళ్లూ లేని పిట్టను ఉందని ఒక్కసారి కూడా అనలేదు.*

ప్రేమ్ కుమార్ రెండుసార్లు చదివి ఫోన్ తిరిగి ఇచ్చేశాడు.

"అది మాత్రం నిజమే," అన్నాడు. "పిట్టల విషయంలో ఆవిడ మనకీ ఎప్పుడూ అబద్ధం చెప్పలేదు."